నలభై కిలోమీటర్ల అభిప్రాయం

మార్చి 4, బుధవారం
డయాలసిస్ గది తలుపుకి నోటీసు అంటించారు. మా వీధి చివర ఆసుపత్రిలో ఉన్న నాలుగు మిషన్లనూ పెద్దాసుపత్రికి తరలిస్తారట. నలభై కిలోమీటర్లు. కొత్త ఆరోగ్య విధానం మీద ప్రజాభిప్రాయ సేకరణ పన్నెండో తేదీన, అదీ ఆ పెద్దాసుపత్రిలోనే. వంటంతా అయ్యాక ఏం కూర చెయ్యమంటారని అడగడమన్నమాట. అక్క వారానికి మూడుసార్లు ఆ మిషన్ మీద పడుకునే బతుకుతోంది.

మార్చి 5
అక్క రానంది. మైకు కనిపిస్తే నాకు ఆకలి కూడా తెలియదని వెక్కిరించింది. ఎవరూ వెళ్లకపోతే అభ్యంతరాలు లేవని రాసేసుకుంటారని గంటసేపు వాదించాను. సరే అంది. నా వాదనకి లొంగి కాదు, నా నోరు మూయించడానికి.

మార్చి 9
వ్యాన్ మాట్లాడాను. పేషెంట్లు పద్నాలుగు మంది.

మార్చి 12, సాయంత్రం
వెళ్లొచ్చాం. దారిలో పేషెంట్లలో ఒకడు, మా వీధి టైలరు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. హాల్లో ఏసీ, పూలకుండీలు, మనిషికి మూడు నిమిషాలు. నేను లెక్కలు చెప్పడం మొదలుపెట్టగానే బెల్లు కొట్టారు. మైకు వదల్లేదు. మళ్లీ కొట్టారు. అక్క ఒక్కటే అడిగింది.
"మిషన్ మీంచి లేచాక గుమ్మం దాటడమే గగనం బాబూ. అంతదూరం ఎలా వెళ్లొచ్చేది?"
అధికారి చాలా విలువైన పాయింటు అన్నాడు. రాసుకున్నాడు కూడా. హాజరు పట్టీలో 'ఎలా వచ్చారు?' అని ఒక గడి ఉంది. అందరి తరఫునా నేనే నింపాను: వ్యాన్‌లో.
నిజం చెప్పాలంటే సంతోషంగా ఉంది.

మార్చి 13
అక్క కాళ్లు వాచాయి.

ఏప్రిల్ 1
రిపోర్టు వచ్చింది. అరవై పేజీలు. మా ఊసు ముప్పై ఒకటో పేజీలో. పద్నాలుగు మంది రోగులు వ్యాన్‌లో స్వయంగా వచ్చి చురుగ్గా పాల్గొన్నందున, దూరం ఆటంకం కాదని తేలిందట.
మూడుసార్లు చదివాను. ప్రజల్ని అడగకుండా విధానాలేమిటని ఇరవై ఏళ్లుగా వ్యాసాలు రాసి చస్తున్నాను. అడిగారు. వాళ్లకి కావలసిన సాక్ష్యాన్ని నేనే వ్యాన్ కట్టించి మరీ తీసుకెళ్లి అప్పజెప్పాను.
అక్కకి చదివి వినిపించి, తిట్టమన్నాను. తిట్టలేదు.
"నేనడిగింది రాసుకున్నాడుగా. అదెక్కడుందిరా?"
అరవై పేజీలూ వెతికాను.

ఏప్రిల్ 20, సోమవారం, ఉదయం 7
మిషన్లు తరలించేశారు. డయాలసిస్‌కి అదే వ్యాన్. టైలరు ఈసారి కవరు తెచ్చుకున్నాడు. పెద్దాసుపత్రి కౌంటర్లో ఫారం ఇచ్చారు. అందులోనూ 'ఎలా వచ్చారు?' అని ఉంది. అక్క నా చేతిలోంచి పెన్ను తీసేసుకుంది.