బాతుల ముందు వేసిన బ్రేకు

ఏవండీ,

రేపు మీ సంవత్సరీకం. అరిటాకుల కోసం మండపేటకు మీ మోటారు సైకిల్ మీదే వెళ్ళాను. నవ్వకండి, చుడీదారే వేసుకున్నాను.

తిరిగి వస్తుంటే, ఎప్పటిలాగే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. ఖాళీగా ఉన్న సగంలోకి ఉన్నట్టుండి బాతుల మంద ఎక్కింది. పక్కకు తిప్పితే ధాన్యం మీద జారి కాలవలో పడడమే. బండి నేర్పేటప్పుడు మీరు వెనక కూర్చుని, "హ్యాండిల్ తిప్పకు! రెండు బ్రేకులూ కలిపి పట్టు!" అని ఊరంతా వినేలా అరిచేవారు. బ్రేకు అక్కడే ఉన్నట్టు నా భుజం నొక్కేసేవారు. "బ్రేకు వెయ్యాల్సింది నేనండీ" అన్నా వదిలేవారా?

ఇవాళ హ్యాండిల్ తిప్పలేదు. కాలి బ్రేకూ చేతి బ్రేకూ కలిపి బిగించాను. బండి తిన్నగా వెళ్ళి, మొదటి బాతుకు మూరెడు దూరంలో ఆగింది. బాతులు నన్ను తిట్టుకుంటూ, పెళ్ళివారిలా తీరిగ్గా దాటాయి.

వాటిని తోలే ఆయన పరుగున వచ్చాడు.

"భలే ఆపారండి! ఎవరు నేర్పారండీ?"

"మా ఆయనండి."

"భుజం పట్టేసిందాండి?"

అప్పుడు చూసుకున్నాను. నా ఎడం చెయ్యి నా కుడి భుజం మీద, సరిగ్గా మీరు నొక్కే చోటే ఉంది.

ఇంకా వదల్లేదన్నమాట మీరు.