ఆ డిఫెండర్‌ను అమ్మేశారు, భాయ్

ఖలీల్ భాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. మనం దుబాయ్‌లో ఉన్నప్పటి నుంచి చూసే ఫుట్‌బాల్ జట్టు, మొన్న వయసు మళ్లిన ఆ డిఫెండర్‌ను అమ్మేసింది. "నంబర్లు సూడు భాయ్, వాన్ని అమ్ముడే కరెక్ట్" అని అప్పట్లో ఆర్మూర్ పసుపు యార్డులో ఫోన్‌లో అతని ఆట లెక్కలు చూపిస్తూ నీతో కొట్లాడింది నేనే.

"పక్కోన్ని ఎంత సంభాళిస్తుండో గా నంబర్ల ఉంటదారా?" అన్నావు.

అతను లేని తొలి మ్యాచ్ నిన్న చూశాను. పక్కన ఆడేవాడు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

యార్డులో అందరికంటే ఎక్కువ బస్తాలు మోసే హమాలీనని నాకు పేరు. ప్రతి బస్తానూ నా వీపు మీదికి ఎత్తిపెట్టింది నువ్వు. అది ఎవరూ లెక్కపెట్టలేదు. ఇవాళ పొద్దున బస్తా కోసం వంగి నిలబడి, నేనూ అలాగే వెనక్కి చూశాను.

వాదన నువ్వే గెలిచావు. షుక్రియా, భాయ్.