బస్టాపులో ఒంటె

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనాలో రసీదు అనాలో తెలియలేదు. "ఇల్లు మారాను. మూడో అంతస్తు. నీళ్ళు బాగానే వస్తాయి. నువ్వు జాగ్రత్త." ఇరవై రెండేళ్ళ కాపురం చెదిరి, ఒక్కడివే రెండు గదుల్లో చేరితే అక్కకి చెప్పాల్సింది నీళ్ళ సంగతా?

నాకు చెవులు పోయాయి కాబట్టి బతికిపోయావు, లేకపోతే ఫోన్ చేసి కడిగేసేదాన్ని. మెసేజీలు పెట్టుకుందాం అంటావు. వాటిలో నువ్వు "ఊ", "సరే" తప్ప ఇంకో ముక్క రాయవు. కాగితం అయితే ఖాళీగా పంపడానికి సిగ్గుపడి నాలుగు మాటలు రాస్తావు.

మరదలి మీద నాకు కోపం లేదు. మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు.

ఇంటి ఫోటో చూశాను. అది ఇల్లా, ఆపరేషన్ గదా? గోడకి ఒక్క మేకు కూడా లేదు. పగలంతా షాపులో కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసి, సాయంత్రం ఆ తెల్లగోడల మధ్య కూర్చుని ఏం చేస్తున్నావు? ఇంటికి ఎవరైనా వస్తున్నారా? నేనే వద్దామంటే అత్తగారిని వదిలి గంటసేపు కదల్లేను. ఆవిడ మంచం పట్టి ఏడాది దాటింది.

నిజం రాయి. నువ్వు బాగున్నావని తెలిస్తేనే నాకు నిద్ర పడుతుంది.

నీ మీద బెంగతో,
అక్క

* * *

ప్రియమైన అక్కకి,

ఇక గోడల గురించి దిగులు పెట్టుకోకు. మొన్న ఆదివారం మేకు పడింది, దానికి ఒక బొమ్మ కూడా ఎక్కింది. ఏం బొమ్మో చెబితే నవ్వుతావు. బస్టాపులో నిలబడ్డ ఒంటె. ముందు గొడుగు పట్టుకున్న ఆవిడ, వెనక టిఫిన్ క్యారియర్‌తో ఒకాయన, మధ్యలో ఒంటె. దాని మెడకి చేతిసంచి కూడా ఉంది. బస్సు రాలేదని ముగ్గురి మొహాల్లోనూ ఒకటే విసుగు. ఒంటెకి కాళ్ళు మూడే ఉన్నాయి. నాలుగోది గొడుగావిడ చీర వెనక ఉందనుకోవాలి.

వేసింది మా ఈలాయన. నేను రోజూ ఎక్కే బస్సు నడుపుతాడు. ఎప్పుడూ ఈల వేస్తుంటాడు కాబట్టి ఆ పేరు. ఆయన వెనక సీట్లో కూర్చుని వెళ్తూ వెళ్తూ స్నేహం కలిసింది. ఇల్లు మారానని తెలిసి, బొమ్మ చంకలో పెట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. మేకు ఆయనే కొట్టాడు. గోడ పెచ్చు ఊడింది. "పరవాలేదు, బొమ్మ పెద్దదే, కనబడదు" అన్నాడు. సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళాడు.

కాబట్టి నిశ్చింతగా పడుకో. మీ అత్తగారిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

* * *

ప్రియమైన తమ్ముడికి,

ఒంటె గురించి చదివి ఎంత నవ్వానంటే, మా అత్తగారు నాకు మతి పోయిందనుకుని గంట మోగించింది. నాకు వినపడదు కదా, అందుకని గంట మోగిస్తూ చెయ్యి కూడా ఊపుతుంది. కాగితం మీద రాసి చూపించాను. ఆవిడా నవ్వింది. ఈ ఇంట్లో ఇద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో!

ఈలాయన వయసెంత? పిల్లలున్నారా? బొమ్మలు వెయ్యడం ఎక్కడ నేర్చుకున్నాడు? మూడంతస్తులు ఎక్కి వస్తే ఏమైనా పెట్టావా, ఉత్త చేతులతో పంపించావా? మనిషిని సరిగా చూసుకో. నీకు స్నేహం చేయడం రాదు. మనిషి ఎదురుగా ఉంటే చెప్పుల వంక చూస్తావు.

అన్నీ వివరంగా రాయి. నాకు ఇక్కడ వేరే కాలక్షేపం లేదు.

ప్రేమతో,
అక్క

* * *

ప్రియమైన అక్కకి,

ఆలస్యం అయింది, ఏమీ అనుకోకు. షాపులో పని ఎక్కువగా ఉంది.

ఈలాయనకి యాభై నాలుగు. పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. రోజంతా బ్రేకు తొక్కి తొక్కి కుడి మోకాలు నొప్పి. డిపోలో బండి కోసం కాచుకునేటప్పుడు, వాడేసిన అట్టల మీద బొమ్మలు వేస్తాడట. ఎవరూ నేర్పలేదు.

గోడ మీదికి ఇంకోటి వచ్చింది. చుట్టూ వంకరపోయిన చెంచాలు అతికించిన అద్దం. కింది అంతస్తులో ఉండే టీచరమ్మ ఇచ్చింది. లెక్కల టీచరు. పిల్లలు మధ్యాహ్నం భోజనాల దగ్గర పారేసే చెంచాలు ఏరి తనే చేసిందట. అందులో చూసుకుంటే మొహం చుట్టూ ఎండ కాసినట్టు ఉంటుంది. అప్పుడప్పుడు టీ తాగడానికి వస్తుంది. ఈలాయనా తనూ ఎదురుపడితే వాదనే. బొమ్మలో ఒంటెకి మూడు కాళ్ళు ఉండటం లెక్కకి కుదరదని తన పట్టు.

నువ్వేమీ ఊహించుకోకు. ఉత్త స్నేహమే.

నీ తమ్ముడు

* * *

ప్రియమైన తమ్ముడికి,

నేనేమీ ఊహించుకోలేదు. నువ్వే ముందుగా సర్దిచెప్పుకుంటున్నావు!

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ వస్తుంది. ఈలాయనకి స్వెట్టర్. భుజాలు తెలియక కాస్త వదులుగానే అల్లాను. మోకాలికి నూనె సీసా కూడా పెట్టాను, మూత మీద టేపు చుట్టాను, జాగ్రత్తగా విప్పు. టీచరమ్మకి దిండు గలీబులు, అంచుకి నేను కుట్టిన పువ్వులు. మంచి రంగులే వేశాను.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆడపడుచు వచ్చే నెల పన్నెండు నుంచి నాలుగు రోజులు వచ్చి వాళ్ళమ్మని చూసుకుంటానంది. నేను అక్కడికి వస్తున్నాను. టికెట్టు కొన్నాను. నువ్వేమీ చెయ్యనక్కర్లేదు. ఒక పూట వాళ్ళిద్దర్నీ భోజనానికి పిలువు, వంట నేను చేస్తాను. వాళ్ళు మాట్లాడేది వినపడకపోయినా మొహాలు చూస్తాను. అది చాలు నాకు.

సంతోషంతో,
అక్క

* * *

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఈలాయన లేడు. టీచరమ్మా లేదు.

బస్సు నడిపే ఆయన ఒకడున్నాడు, ఈల వేస్తాడు. అంతవరకు నిజం. నేను ఆఖరి సీట్లో కూర్చుంటాను. ఆయనకి నా మొహం తెలియదు. కింద టీచరమ్మ ఉంది. మెట్ల మీద ఎదురైతే దారి ఇరుకని గోడకి ఆనుకుని నిలబడుతుంది, నేను దాటి వెళ్తాను. మా పరిచయం అంతవరకే. ఆ మోకాలి నొప్పి నాది.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజున షాపు నుంచి తిన్నగా ఇంటికి పోబుద్ధి కాలేదు. దారిలో పాత సామాన్ల షాపు ఉంటే దూరాను. విరిగిన కుర్చీల వెనక ఆ ఒంటె నిలబడి ఉంది. దాని మొహం చూస్తే వదిలి రాలేకపోయాను. షాపావిడ "ఇంత చిత్రమైన బొమ్మ ఎవరికండీ?" అంది. "స్నేహితుడికి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాస్తుంటే ఆ స్నేహితుడు తనంతట తానే కాగితం మీదికి వచ్చేశాడు. అద్దం కూడా అక్కడిదే.

నిజం రాయమన్నావు. బాగున్నానని తెలిస్తేనే నిద్ర పడుతుందన్నావు. రెండూ ఒకేసారి నీకు ఇవ్వడం నాకు చేతకాలేదు.

ఈ ఇంటికి నేను వచ్చి అయిదు నెలలు. కరెంటు మీటరు చూసే మనిషి తప్ప ఎవరూ గడప దాటి లోపలికి రాలేదు. నువ్వు పంపిన పార్సిల్ మంచం మీద ఉంది. మడతలు విప్పడానికి చేతులు రాలేదు.

టికెట్టు వెనక్కి ఇచ్చేస్తానన్నా నేనేమీ అనుకోను.

తమ్ముడు

* * *

తమ్ముడికి,

రెండు రోజులు నీ ఉత్తరాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి దాని వంక చూడకుండా తిరిగాను.

కోపం అబద్ధం చెప్పావని కాదు. నాకు ఇక్కడ మాట్లాడే మనుషులు లేరురా. చెవులు పోయినప్పటి నుంచి ఇంటికొచ్చినవాళ్ళు అత్తగారి మంచం దగ్గర కూర్చుంటారు, పోతూ పోతూ నాకు చెయ్యి ఊపుతారు. ఈలాయన మోకాలికి ఏ నూనె మంచిదో పొరుగావిడని కాగితం మీద రాసి మరీ అడిగాను. స్వెట్టర్ అల్లినన్ని రోజులూ ఆయన భుజాల గురించే ఆలోచించాను. ఆ టీచరమ్మకి ఏ రంగు నప్పుతుందో అని అలమర అంతా తిరగేశాను. వాళ్ళు నీ ఒక్కడి స్నేహితులే అనుకున్నావా? ఇద్దరూ లేరని ఒక్క లైనులో రాసేశావు. నాకు మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

ఒక్క మాట. ఆ ఒంటెని ఎవరో ఒకరు వేశారు కదా? అదైనా అబద్ధం కాదు కదా? ఎవరో కనుక్కో. బొమ్మ వెనక ఏమైనా రాసి ఉందేమో చూడు. నాకు ఆ మనిషి గురించి నిజం రాయి.

టికెట్టు వెనక్కి ఇవ్వను. పన్నెండున వస్తాను. స్టేషన్‌కి రా.

అక్క

* * *

ప్రియమైన అక్కకి,

బొమ్మ దించి వెనక చూశాను. గోధుమరంగు కాగితం అతికించి ఉంది, దాని మీద పెన్సిల్‌తో: "పొడుగాయనకి, రిటైరైన రోజున. పెద్దాసుపత్రి బట్టలగది నుంచి." అది అక్కడ ఉందని నేను ఇన్నాళ్ళూ చూడనే లేదు.

ముందు పాత సామాన్ల షాపుకి వెళ్ళి అడిగాను. ఒకాయన పోతే, కొడుకులు ఇల్లు ఖాళీ చేసి సామాను మొత్తం ఒకే బండిలో తెచ్చి దింపారట. ఆర్నెల్లయింది.

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి, బొమ్మని దుప్పట్లో చుట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. బట్టలగది వెనకవైపు ఉంది. లోపల ఆవిరి, మిషన్ల హోరు, తడి దుప్పట్ల కుప్పలు. నా కళ్ళజోడు మసకబారిపోయింది. తుడుచుకుని బొమ్మ విప్పి చూపిస్తే, అక్కడున్నవాళ్ళు ఇస్త్రీ మిషను దగ్గరున్న ఒకావిడ వైపు చూపించారు. అరవైకి దగ్గర్లో ఉంటుంది. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. బొమ్మ చూడగానే మిషను ఆపేసింది.

"ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది?"

"పాత సామాన్ల షాపులో కొన్నానండి."

"అమ్మేశాడా?" అంది.

అక్కా, ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆవిడ మొహం ఎలా అయిపోయిందో నేను రాయలేను. ఆవిడకి తెలియదని అప్పుడు అర్థమైంది. నాకేమీ తెలియదండీ అని తప్పించుకుని వచ్చేయొచ్చు. కాళ్ళు గుమ్మం వైపే లాగాయి. కానీ స్నేహితుడు తన బొమ్మని అమ్ముకున్నాడని ఆవిడ అనుకుంటూ ఉండిపోతుంది కదా.

"ఆయన అమ్మలేదండి. ఆయన పోయారు. ఇల్లు ఖాళీ చేస్తే ఇది బయటికి వచ్చింది. ఆర్నెల్లయిందట" అన్నాను.

ఆవిడ దుప్పట్ల కుప్ప మీద కూలబడింది. తరవాత అంది, "రిటైరయ్యాక ఒక్కసారైనా ఇటు రాలేదని ఆయన మీద అలిగి కూర్చున్నానండి. కనబడితే మాట్లాడకూడదనుకున్నాను."

ఇరవై ఏళ్ళ పాటు రోజూ పని అయ్యాక ఆవిడా పొడుగాయనా ఒకే బస్టాపులో నిలబడ్డారట. బొమ్మలో గొడుగు ఆవిడదే. మెడ పొడుగని ఆయన్ని అందరూ ఒంటె అంటే, "బస్సు రాకపోయినా నీళ్ళు లేకుండా ఉండగలను" అని నవ్వేవాడట. ఆవిడ జన్మలో వేసింది ఆ ఒక్క బొమ్మే. రంగులు పిల్లల డబ్బాలోవి. నాలుగో కాలు వేసే చోటు లేకపోయింది, అంతే.

తీసుకోండి, మీదే కదా అన్నాను. వద్దంది. "నా గదిలో పెట్టుకుంటే రోజూ చూడాలి. మీ దగ్గరే ఉండనివ్వండి. ఎక్కడ పెట్టారో మాత్రం ఒకసారి చూస్తాను."

నిన్న ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ఒక్కో అంతస్తులో ఆగి ఊపిరి తీసుకుని ఎక్కింది. నా ఇంట్లో కుర్చీ ఒకటే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడని అందులో కూర్చోబెట్టి నేను బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. గోడ మీద మళ్ళీ తగిలించిన బొమ్మ వంక చూసి, "బస్టాపుని ఆకాశంలో పెట్టారేంటండీ? కిందికి దించండి" అంది. ఆవిడ బొమ్మ పట్టుకుంది, నేను మేకు కొట్టాను. రెండుసార్లు నా వేలి మీదే కొట్టుకున్నాను. దించాక, కూర్చున్న మనిషి కళ్ళకి ఒంటె కళ్ళు సరిగ్గా ఎదురయ్యాయి. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళి, నీళ్ళు మరిగిపోతున్నా కాసేపు అక్కడే నిలబడ్డాను.

"మీ ఇంటికి ఎవరూ రారా?" అని అడిగింది.

"రారండి. మీరే మొదట" అన్నాను. అనడం అంత కష్టం కాలేదు.

నీ గురించి అంతా చెప్పాను. ఈలాయన సంగతి, టీచరమ్మ సంగతి కూడా. ఆవిడ నవ్వలేదు. ఇప్పుడు ఇదంతా రాస్తే నువ్వు నమ్ముతావో లేదో నాకు తెలియదు, నమ్మకపోతే తప్పు నాదే. అందుకని నిన్న వెళ్ళేముందు ఆవిడనే ఒక కాగితం మీద నాలుగు మాటలు రాయమన్నాను, దాన్ని దీని చివర అతికిస్తున్నాను.

పన్నెండున స్టేషన్‌లో ఉంటాను.

నీ తమ్ముడు

అక్కగారికి నమస్కారం. నేను ఉన్నాను. నా చేతిరాత బాగుండదు, ఏమీ అనుకోకండి. పన్నెండున నాకు సెలవు దొరకదు, సాయంత్రం పని అయ్యాక వస్తాను. మీకు వినపడదని చెప్పారు, కాగితం పెన్సిలు తెచ్చుకుంటాను. మా బట్టలగదిలో పొడుగాయన్ని ఎరిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆయన గురించి ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. మీకు ఓపిక ఉంటే మొదటి నుంచి చెబుతాను.