కర్ర పోయి ఫోను వచ్చింది

జూలై 14, ఆదివారం
షాపు నుంచి

చిరంజీవి చిన్నమ్మాయికి,

మీ నాన్న నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం పద్ధతి. ఆ వాక్యం రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. అందుకే ఈ కాగితం తల దగ్గరే మసిగుడ్డలా తయారైంది. మీ అమ్మ మోకాళ్లు ఆవిడ మాట వినడం లేదు, ఆవిడ నా మాట వినడం లేదు, కాబట్టి ఇంట్లో అంతా మామూలే అనుకోవచ్చు. మీ అన్నయ్య డ్యూటీకి వెళ్లి వస్తున్నాడు. వదినకు జలుబు తగ్గింది. నీ మేనల్లుడు పిచ్చుకకు పోయినేటి చొక్కాలన్నీ పొట్టివైపోయాయి.

చేతిలో ఫోను ఉండగా ఉత్తరమేమిటి ఈ ముసలాయన అని నవ్వుకుంటావు. ఫోనులో నువ్వు మధ్యలో అడ్డొస్తావు, నేను అసలు సంగతి వదిలేసి ఎటో పోతాను. కాగితం అడ్డు రాదు. ఎటో పోవడం మాత్రం కాగితం మీద కూడా తప్పదు, కాస్త ఓర్చుకో.

వచ్చే నెల పెద్ద సభలో చదవబోయే ఉపన్యాసం ముందుగా నాకు పంపించావు. చదివాను. నువ్వు పాఠాలు చెప్పిన మన బడి పద్ధతిని ఇక అన్ని బడులకూ వర్తింపజేస్తారని, దానికి నువ్వు రాసిందే ఆధారమని, నేను వచ్చి ముందు వరసలో కూర్చోవాలని అన్నావు. మీ అమ్మ అప్పుడే చీర తీసి ఎండలో వేసింది. నేనే ఇంకా ఏమీ చెప్పలేకపోయాను.

ఇప్పుడు చెబుతాను. ఆ ఉపన్యాసంలో మొదటి సగం ఉంచు. ఏ బడిలోనూ ఏ టీచరూ పిల్లల మీద చెయ్యెత్తకూడదనే సగం. రెండో సగం తీసెయ్యి. పిల్లలు చెప్పిన మాట వినకపోతే ఇంటికి ఫోను చేసి పెద్దవాళ్లకు అప్పజెప్పాలనే సగం. అది గనక అన్ని బడులకూ పోయిందంటే నేను ముందు వరసలో కాదు కదా, ఆ సభ జరిగే వీధిలో కూడా నిలబడలేను.

ఎందుకూ అంటావు. అక్కడికే వస్తున్నాను, చుట్టు తిరిగి.

నేను బడి మెట్లెక్కింది తక్కువని నీకు తెలుసు. చదువంతా ఈ బల్ల దగ్గరే, పాత రేడియోల అడుగున అంటించిన కాగితాలు కూడబలుక్కుంటూ వంటబట్టించుకున్నదే. ఈ బల్ల నాకు నేర్పిన పెద్ద పాఠం ఒకటుంది. రేడియో మూగబోతే జనం మొట్టమొదట చేసే వైద్యం దాని నెత్తిన ఒకటి చరచడం. చరిచినా పలకకపోతే బాగుండేది, మానేసేవాళ్లు. ఖర్మ కొద్దీ ఒక్కోసారి పలుకుతుంది. లోపల ఊడిన తీగ ఆ అదురుకు ఒక్క క్షణం తగులుకుంటుంది. ఆయనగారు తన చెయ్యి మహత్తరమైన చెయ్యి అనుకుంటాడు. రేపు ఇంకాస్త గట్టిగా చరుస్తాడు. ఆఖరికి నా దగ్గరికి తెచ్చేసరికి ఒక తీగతో పోయేది ఊరంత రిపేరు అవుతుంది. ఈ మాట నువ్వు ఎన్ని సభల్లో వాడుకున్నావో. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా ఇది మా నాన్న చెప్పిందని ఒక్కసారైనా అన్నావా. సరే, అది వేరే దావా.

బడిలో బెత్తాలు అప్పగించిన రోజు గుర్తుందా. హెడ్మాస్టరు గారు తన బెత్తాన్ని పెళ్లికూతుర్ని సాగనంపినట్టు సాగనంపాడు. ఒక టీచరమ్మ లేచి, కర్ర లేకపోతే నలభై కోతుల్ని నేనెలా కూర్చోబెట్టేది, నువ్వొచ్చి కూర్చోబెడతావా అని నిన్నే అడిగింది. గదంతా నవ్వింది. అప్పుడు నువ్వు అన్నావు, కన్నవాళ్ల కంటే ప్రేమ ఎవరికుంటుంది మేడమ్, ఇంటికి ఒక ఫోను చేయండి, వాళ్లే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పుకుంటారు అని. ఆ మాటతోనే అందరూ ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాట లేకపోతే బెత్తాలు కదిలేవి కావు, అది నిజం. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నీ మాటలో నాకూ లోపం కనపడలేదు. మన ఇంట్లో నీ మీద ఎవరూ చెయ్యి చేసుకోలేదు కనుక ఇళ్లన్నీ అలాగే ఉంటాయని నువ్వు అనుకున్నావు. అంత మంచి తప్పు ఎవరు చేస్తారు తల్లీ.

తర్వాత ఒకసారి పిండిలో కూరుకుపోయిన ఫోను ఒకటి రిపేరుకు వచ్చింది. రెండు జడల పిల్ల ఒకతి తన తండ్రి ఫోనును పిండి డబ్బాలో అడుక్కంటా దాచిపెట్టిందట. ఏమ్మా, ఫోనుతో రొట్టెలు చేద్దామనుకున్నావా అంటే తల వంచుకుని నిలబడింది. ఆ సంగతి నీకు చెబితే నువ్వు పడీపడీ నవ్వావు. నేనూ నవ్వాను. ఆ రోజు టీచరు ఫోను చేస్తానన్నదనే మాట దానికి తెలుసు, మనకే తట్టలేదు.

ఇక అసలు సంగతి. మొన్నామధ్య ఒక పిల్లవాడు హెడ్‌ఫోను పట్టుకుని షాపుకొచ్చాడు. తాతా, దీంట్లో ఈ పక్కే పాట వస్తోంది, ఆ పక్క చచ్చిపోయింది, బాగుచేసి పెట్టు అన్నాడు. ఎడమ పక్క. విప్పాను, తీగలు చూశాను, అనుమానమొచ్చిన చోట కాస్త సీసం కరిగించి అతికాను. పెట్టుకో అన్నాను. పెట్టుకుని, రాలేదు అన్నాడు. మళ్లీ విప్పాను. నీకు కళ్లు కనపడ్డం లేదు తాతా, కొత్త కళ్లజోడు కొనుక్కో అని సలహా ఇచ్చాడు. పౌరుషమొచ్చి నా చెవికి పెట్టుకుని చూశాను. రెండు పక్కలా గంట కొట్టినట్టు పలుకుతోంది.

అప్పుడు దాన్ని తిప్పి వాడి తలకు పెట్టాను. ఎడమ గిన్నె కుడి చెవికి, కుడి గిన్నె ఎడమ చెవికి. ఇప్పుడేమిట్రా అన్నాను. వాడు సంబరపడ్డాడు. తాతా, చచ్చిపోయింది బతికింది, కానీ బతికింది చచ్చిపోయింది అన్నాడు. నేనేదో గారడీ చేశాననుకుని నవ్వాడు. ఏదీ ఇంకోసారి చెయ్యమన్నాడు.

ఎన్నో సెట్లు విప్పాను జీవితంలో. లోపమెక్కడుందో తెలిశాక చేతులు ఆడకపోవడం అదే మొదటిసారి.

చెవి డాక్టరు చూశాడు. దెబ్బ తగిలిన కొత్తల్లో తెస్తే ఏమైనా చేసేవాణ్ణేమో, ఇప్పుడు లోపలిది పోయింది, ఇక రాదు అన్నాడు. దెబ్బెక్కడిదిరా అని నేను అడగలేదు. వాడే చెప్పాడు. బడి నుంచి ఫోనొచ్చిన రోజు నాన్న ఒక్కటిచ్చాడు తాతా, చెవిలో ఈల వేసినట్టయింది, కొన్నాళ్లకు ఈల పోయింది, దాంతో పాటు అన్నీ పోయాయి అన్నాడు. మరి ఎవరికీ చెప్పలేదేంరా అన్నాను. చెబితే మళ్లీ ఫోనొస్తుందిగా అన్నాడు.

ఆ తండ్రి రాక్షసుడు కాదమ్మా. అదే నా బాధ. చీమను తొక్కినా వెనక్కి తిరిగి చూసే రకం. అందరి ముందూ ఫోను మోగేసరికి, నీ కొడుకు చదవట్లేదని చెప్పేసరికి, తల కొట్టేసినట్టయిందట. ఇంటికొస్తూ దారి పొడుగునా ఆ మాటే నమిలాడట. కర్ర ముట్టుకోలేదు, ఒట్టు, కర్ర తప్పని మీరు సభల్లో చెప్పారుగా, చేత్తోనే, ఒక్కటే అన్నాడు నాతో. ఆ ఒక్కటే అనే మాట ఎన్నిసార్లు అన్నాడో. తర్వాత ఆ చేతిని బల్ల మీద పెట్టి, ఇది ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. నేను టీ తెప్పించాను. చల్లారిపోయింది.

హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి ఫోన్లు ఆపించమన్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, కర్ర వద్దన్నారు సరే, ఇప్పుడు ఫోనూ వద్దంటే వెధవల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగమంటారా పెద్దాయనా అన్నాడు. అది కాదు బాబూ, కర్ర మన బడిలోంచి లేచి వాళ్ల వాళ్ల ఇళ్లలో దూరింది, మీ చేతికి మట్టి అంటకుండా అదే పని అక్కడ జరుగుతోంది అన్నాను. ఆయనకూ పిల్లలున్నారు. ఆఖరికి, పద్ధతి పెట్టింది మీ అమ్మాయి, మార్చమని ఆవిడనే రాయమనండి, రేపే ఆపేస్తాను అన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

అయితే ఫోను బదులు ఏం పెట్టాలి అని అడుగుతావు. నాకు తెలియదు. తెలిసినట్టు నటించే వయసు కూడా దాటిపోయింది. తండ్రిని పిలిచి ముందు ఆయన చేతికి చెప్పి, ఆ తర్వాతే పిల్లవాడి లెక్కల సంగతి చెప్పాలేమో. తల్లుల్నీ తండ్రుల్నీ బడిలో కూర్చోబెట్టి, బెత్తాల రోజున టీచర్లను అడిగినట్టే వాళ్లనూ ఒట్టు అడగాలేమో. బెత్తమైతే వెదురు, అప్పగించమంటే అప్పగించారు. చేతుల్ని ఎక్కడ అప్పగిస్తారు. నువ్వు చదువుకున్నదానివి, ఆలోచించు. ఆలోచన తెగేదాకా ఆ రెండో సగం మాత్రం ఎవరికీ చదివి వినిపించకు. ఇదొక్కటే నేను నిన్ను అడిగేది. సభకు ఇంకా రోజులున్నాయి.

మీ అమ్మ ఆశీస్సులు. చీర ఇంకా ఎండలోనే ఉంది.

ఇట్లు,
నిన్ను తలుచుకుని గర్వపడుతూనే ఉండే
మీ నాన్న

తా.క. ఉత్తరం మడిచి, కవరు అంటించి, మళ్లీ చింపాను. ఎవరో పిల్లవాడన్నట్టు రాశాను. ఎవరో కాదు. వాడు మన పిచ్చుక. ఆ తండ్రి మీ అన్నయ్య. ఆ ఫోను నువ్వు చేసిందే తల్లీ, సెలవుల ముందు, టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి రైలెక్కబోతూ. సొంత మేనల్లుడని వాడి ఇంటికి చెయ్యకపోతే నలుగురూ వేలెత్తి చూపుతారని చేశావు. లెక్కలు చెయ్యట్లేదు, కాస్త చూసుకో అన్నయ్యా అన్నావట, నీ గొంతులో కోపం కూడా లేదట. చెవిపోటని నీకు చెప్పింది మేమంతా కలిసే. తెలిస్తే నువ్వీ పని మానేస్తావని, చెప్పొద్దని మీ అన్నయ్య నా కాళ్లు పట్టుకున్నాడు. మానెయ్యకు. మానేస్తే ఆ చెవి ఊరికే పోయినట్టవుతుంది.

నువ్వు ఫోను చేసినప్పుడల్లా వాడు ఆటకు వెళ్లాడని చెబుతున్నాం. వెళ్లడం లేదు. నీ పేరు కనపడగానే పెరట్లోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడతాడు. మేం మాట్లాడడం అయ్యాక వచ్చి, నా గురించేనా అని అడుగుతాడు.

సభకు ముందు ఒకసారి ఇంటికి రా. వచ్చినప్పుడు వాడికి కుడి పక్కన కూర్చో.