చప్పట్లకు ఆడే గుర్రం

మంగళవారం

కోపం ఇంకా చల్లారలేదు. పెళ్లి ఊరేగింపుల్లో ఆడించి ఆడించి, ముసలిదయ్యాక బందరు రోడ్డు పక్కన వదిలేసిన గుర్రాన్ని ఇంటికి తెచ్చి నెలయింది. మోకాళ్ల వాపు ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. మొన్న తనంతట తాను లేచి నిలబడిందని ఈ సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టించాను.

పాట అందుకోగానే అందరూ చప్పట్లు కొట్టారు. పెరట్లో గుర్రం ముందుకాలెత్తి ఆడడం మొదలుపెట్టింది.

"చూడండర్రా, గుర్రం కూడా దేవుణ్ణి స్తుతిస్తోంది!" అంది పక్కింటి మరియమ్మత్తయ్య మురిసిపోతూ. అందరూ ఫోన్లు తీశారు.

స్తుతా? అది కుంటుతూ ఆడుతుంటే కనబడదా? దాని యజమాని మీదా, వీళ్ల మీదా, నా మీదా ఒళ్లు మండిపోయింది.

"చప్పట్లు ఆపండి!" అని అరిచాను.

పాట ఆగింది. గుర్రం ఆగలేదు. ఆడుతూనే నా చేతివంక చూసింది, కర్ర ఉందేమోనని.