పెరట్లో వేసిన మంచం

ఆదివారం రాత్రి

ఇంటికి వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? కాపురానికి వచ్చినప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది.

హాల్లో అత్తయ్య టీవీ చూస్తుంటే నా స్నేహితులతో గట్టిగా నవ్వలేక, పెరట్లో జామచెట్టు కింద నాకంటూ ఒక చోటు చేసుకున్నాను. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలు పరిపించి, మేడమీద మూలన పడి ఉన్న మంచానికి కొత్త నవారు అల్లించాను. పెద్దగా ఖర్చు కాలేదు. అత్తయ్యకూ నచ్చింది. "బాగుందే అమ్మాయ్, ఇంక ఎవరొచ్చినా ఇక్కడే," అన్నారు.

సాయంత్రం మా కాలేజీలో నాతో పాటు పాఠాలు చెప్పే నస్రీన్ వచ్చింది. అత్తయ్యే ఎదురెళ్లి పెరట్లోకి తీసుకొచ్చారు, టీ కూడా ఇచ్చారు. కాసేపటికి ఎదురింటి సుజాతగారు వచ్చి మా వైపు రాబోతుంటే, అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు.

"అక్కడ దోమలండీ, లోపల కూర్చుందాం రండి."

నస్రీన్ నా వైపు వంగి, "ఏంటే, మీ దోమలు మనిషిని చూసి కుడతాయా?" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ తర్వాత ఇంకో టీ తాగింది, చీకటి పడేదాకా కూర్చుంది. ఆ చోటు తనకు నిజంగానే నచ్చింది.

ఆ దోమల మాట అత్తయ్య ఆలోచించి అన్నారా, అలవాటుకొద్దీ అన్నారా? అడిగితే ఆవిడకైనా తెలుస్తుందా?

వచ్చే ఆదివారం నస్రీన్‌ను మళ్లీ రమ్మన్నాను. తనకు నచ్చిన చెట్టు కిందే కూర్చోబెట్టాలో, హాల్లోకి తీసుకెళ్లాలో నాకింకా తేలలేదు.