మా మూడు మెట్లు మింగిన రోడ్డు

రోడ్ల విభాగము ఇంజనీరు గారి సముఖమునకు,

నీళ్ల ట్యాంకు వెనక వీధిలో, చివరి నుంచి రెండో ఇంటి యజమాని వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధిలో రాబోవు గురువారం ఉదయం పది గంటలకు పాత రోడ్డు మీదనే నాలుగో పొర వేయుటను నిలుపుదల చేయవలెననియు, వేసి తీరవలెనన్న పక్షమున పాత పొరలను గీకి తీసిన పిమ్మట మాత్రమే వేయవలెననియు.

సూచిక: నా మొదటి అర్జీకి తమ కార్యాలయము వారు దయతో పంపిన జవాబు. అది చదివిన పూట నాకు భోజనం సయించలేదు.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను పదమూడేళ్ల క్రితం ఈ ఇల్లు కట్టుకున్నాను. కట్టేటప్పుడు మేస్త్రీ "మెట్లు ఎన్ని పెట్టమంటారు?" అని అడిగితే మూడు పెట్టమన్నాను. అవి మా హద్దులోనే కట్టినవి, ఆమోదించిన ప్లానులో కూడా ఉన్నవి. రోడ్డు మీది నుంచి మూడు మెట్లు ఎక్కితే మా గడప. ఎంత వాన పడినా నీళ్లు మొదటి మెట్టు దాటేవి కావు. సదరు మూడు మెట్లు ఇప్పుడు కనిపించుట లేదు. నేను పగలగొట్టలేదు, అమ్ముకోలేదు, ఎవరికీ దానం చేయలేదు. ఉన్నచోటే ఉన్నాయి, రోడ్డు కింద. పాత రోడ్డును గీకకుండా, గోడ దాకా తెచ్చి ఒక పొర వేశారు, ఒక మెట్టు పోయింది. నాలుగేళ్లకు ఇంకో పొర, ఇంకో మెట్టు. రెండేళ్ల క్రితం మూడోది. ప్రస్తుతము మా గడపా రోడ్డూ ఒకే ఎత్తున ఉన్నవి. గురువారం నాలుగో పొర పడిందంటే మా ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కి రారు, దిగి వస్తారు.

2. పక్క సందులోకి మాకొక ఇనుప గేటు ఉంది. అది బయటికి తెరుచుకుంటుంది. సందులోనూ పొర పడిన ప్రతిసారీ అది రోడ్డుకు తట్టుకుని ఆగిపోయింది. ప్రతిసారీ వెల్డింగు అతన్ని పిలిపించి కింది నుంచి జానెడు కోయించాను. మూడోసారి అతనే జాలిపడి, "ఇంకోసారి కోస్తే ఇది గేటు కాదు సార్, కిటికీ" అన్నాడు. నీళ్ల మీటరు ఉన్న గుంట ఇప్పుడు మోచెయ్యి లోతున ఉంది. మీటరు చూసే ఆయన బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి పెట్టి, టార్చి నోట్లో కరుచుకుని చూసేవాడు. ఇప్పుడు ఆయనా చూడడం మానేసి, పోయిన నెల అంకెనే మళ్లీ రాసి వెళ్తున్నాడు. ఆయన్ను నేను తప్పు పట్టను.

3. స్నానాల గది గురించి వ్రాయుటకు సిగ్గుగా ఉన్నను వ్రాయక తప్పుట లేదు. ఆ గది నీళ్లు వీధి కాలువలోకి పోవాలి. కాలువ గట్టును కూడా తమవారు రోడ్డుతో పాటు ఎత్తు చేశారు. ఇప్పుడు కాలువ పైన, మా గది కింద. వాన పడితే మా నీళ్లు వీధిలోకి పోవు, వీధి నీళ్లు మా గదిలోకి వస్తాయి. పోయిన వానాకాలం నేను సబ్బు రాసుకుని నిలబడి ఉండగా తూములోంచి ఎవరిదో చెప్పు తేలి వచ్చింది. ఎడమ కాలిది. ముందు గదిలో గోడల సున్నం మోకాలి ఎత్తు దాకా ఊడిపోయింది. తలుపు ఉబ్బిపోయి, తెరవాలంటే భుజంతో నెట్టాలి, మూయాలంటే ఇద్దరం పట్టాలి. మంచాల కాళ్ల కింద ఇటుకలు, బీరువా కింద ఇటుకలు, బియ్యం డబ్బా కింద ఇటుకలు. మా ఆవిడ ఒక రోజు చీపురు కింద పడేసి, "ఇల్లు కట్టావనుకున్నాను. తొట్టి కట్టావన్నమాట" అంది. ఆమె నాతో నేరుగా మాట్లాడిన ఆఖరి మాట అదే. అప్పటి నుంచి ఏదైనా చెప్పాలంటే మా అమ్మతో చెప్పిస్తోంది.

4. ఇక మా అమ్మ. వయసు డెబ్బై నాలుగు. మోకాళ్లు సహకరించవు. నడిచి ఎక్కడికీ వెళ్లలేదు కాబట్టి సాయంత్రం నాలుగింటికి మధ్య మెట్టు మీద చేరి, కూరగాయలు తరుగుతూ వీధిలో వచ్చేపోయేవాళ్లందరినీ పలకరించేది. ఎవరి పిల్లకు జ్వరం, ఎవరింట్లో మోటారు చెడింది, అంతా ఆ మెట్టు మీదికే వచ్చి చేరేది. మొదటి పొర పడ్డాక పై మెట్టుకు మారింది. రెండో పొర పడ్డాక అదే మెట్టు మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంది. మూడో పొర తర్వాత గడప మీద కూర్చుని కాళ్లు రోడ్డు మీద చాపుకుంటోంది. పోయిన వారం ఒక మోటారు సైకిలు ఆమె చెప్పును తొక్కుకుంటూ పోయింది. కాలు ఆ చెప్పులో లేకపోవడం మా అదృష్టము. అమ్మ రోజూ ఒకే మాట అంటుంది.

"ఆ రోలర్ నడిపేవాడికి ఇల్లూ వాకిలీ ఉన్నట్టు లేదురా. ఉంటే ఇలా చేస్తాడా? నీ ఆఫీసువాడేగా, ఎవడో కనుక్కుని నాలుగు చీవాట్లు పెట్టు."

"అలాగేనమ్మా" అంటాను. అని లోపలికి వెళ్లిపోతాను. కారణము ఏడవ అంశములో మనవి చేసుకొందును.

5. మా ఎదురింటి ఆయన తన ఇంటిని జాకీలు పెట్టి మూడడుగులు పైకి లేపించుకున్నాడు. ఇల్లు లేచింది, ఆయన తల కూడా లేచింది. పైనుంచి మమ్మల్ని చూసి, "మీరూ లేపించుకోండి బాబాయ్, ఎన్నాళ్లని ఇలా" అంటాడు. ఆయన గచ్చు కడిగిన నీళ్లు ఇప్పుడు తిన్నగా మా గడపలోకి వస్తాయి. నేనూ లేపించుకుంటే ఆ నీళ్లు నా పక్కింటికి పోతాయి. పక్కింటి పిన్ని ఒంటరి మనిషి. రోడ్డును దించమని అడగడం మానేసి ఊరంతా ఇళ్లు లేపుకోవాలా? ఆరేళ్లకు ఇంకో రెండు పొరలు పడ్డాక మళ్లీ లేపుకోవాలా? ఇల్లు కట్టుకున్నామా, లిఫ్టు కట్టుకున్నామా?

6. పైవన్నీ నా మొదటి అర్జీలో వినయముగా వ్రాసితిని. తమ కార్యాలయము వారి జవాబును ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎత్తి వ్రాయుచున్నాను:

"రికార్డుల ప్రకారము మూడు పర్యాయములును పాత పొర పూర్తిగా తొలగించిన పిమ్మటనే కొత్త పొర వేయబడినది. కావున రోడ్డు ఎత్తు పెరుగుటకు అవకాశము లేదు. అర్జీదారుని గృహమే క్రుంగియుండవచ్చును. గృహము క్రుంగుటకు గల కారణములను పదిహేను దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను."

అయ్యా, నా ఇల్లు కుంగలేదు. కుంగింది నేను. ఈ జవాబు పట్టుకుని తమ కార్యాలయానికి కాళ్లరిగేలా తిరిగాను. గుమాస్తా గారు తలెత్తకుండానే, "కాగితంలో గీకినట్టుంది కదండీ. కాగితం అబద్ధం చెబుతుందా?" అన్నారు. మా వీధికి వచ్చి ఒక్కసారి చూడమన్నాను. "చూడాలంటే వాహనం కావాలి, వాహనానికి వేరే అర్జీ పెట్టుకోవాలి" అన్నారు. మా వీధి తమ కార్యాలయము గేటుకు ఎదురు సందులో మూడవది. నడిస్తే టీ చల్లారేలోపు వచ్చి వెళ్లవచ్చు.

సదరు రికార్డు నకలును కూడా జవాబుకు జతపరిచారు. మూడు పని పత్రములు. మూడింటిలోనూ "పాత పొర తొలగించబడినది" అని ఉంది. మూడింటి కిందా రోలర్ డ్రైవరు సంతకము ఉంది.

7. సదరు రోలర్ డ్రైవరును నేనే.

ఇరవై రెండేళ్లుగా తమ విభాగము రోలర్ నడుపుతున్నాను. తమరి కారు నిలిపే చోటుకు ఎదురుగా రోజూ ఉదయం దాని చక్రాలు తుడుస్తూ కనిపించేది నేనే. నా అర్జీ కింది సంతకము, ఆ పత్రముల కింది సంతకము ఒకటేనని తమ కార్యాలయములో ఒక్కరూ గమనించలేదు. అంతగా గమనించేవాళ్లయితే రోడ్డు మెట్టుకు మెట్టు పెరగడం కూడా గమనించి ఉండేవారు.

మా వీధికి మొదటి పొర వేసిన రోజు పని చూసే సూపర్‌వైజరు గారు కాగితం నా ముందు పెట్టారు.

"గీకలేదు కదా సార్" అన్నాను.

"గీకే మిషను బెల్టు తెగిందయ్యా. చీపురుతో ఊడ్చాం కదా, గీకినట్టే. నువ్వు పెట్టు, పైనుంచి తొందర పెడుతున్నారు."

పెట్టాను. ఆ మిషను షెడ్డులో నా రోలర్ పక్కనే ఉంది. పదకొండేళ్లుగా దాని బెల్టు తెగే ఉంది. దాని సీటు కింద పిల్లి నాలుగు కాన్పులు కన్నది.

మా వీధిలో పొర వేసిన మూడుసార్లూ తారు పొగ పడదని చెప్పి అమ్మను మా చెల్లెలి ఇంటికి పంపించాను. తిరిగొచ్చాక "ఆ రోజు నన్ను వేరే వార్డుకు వేశారమ్మా, ఇది ఇంకెవడో నడిపాడు" అన్నాను. అమ్మ నమ్మింది. మా ఆవిడ నమ్మలేదు, ఎందుకంటే తారు అంటిన చొక్కా ఉతికింది ఆమె. నమ్మకపోయినా అమ్మ ముందు నోరు విప్పలేదు. ఆమె మౌనానికి నేను రుణపడి ఉన్నాను.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. మొదటిసారి మన వీధి కదా అని మురిసిపోయి, అందరికీ నాలుగుసార్లు తిప్పే రోలర్‌ను మా ఇంటి ముందు ఆరుసార్లు తిప్పాను. మిగతా రెండుసార్లూ అంతే. ఊళ్లో రోడ్లన్నీ మొదటి వానకే లేచిపోతాయి. మాది మాత్రం బండరాయిలా ఉంది, ఒక్క గుంట లేదు. గునపం వేస్తే గునపం వంగుతుంది. నా మెట్లను నేనే అంత శ్రద్ధగా పాతిపెట్టాను. ఈ మాట కలం నొక్కిపెట్టి రాస్తున్నాను. సిగ్గుతో కాదు, కోపంతో. తమరి మీద సగం, నా మీద సగం.

ఈ ఇరవై రెండేళ్లలో నేను తొక్కిన వీధులన్నీ పోయిన ఆదివారం సైకిలు మీద తిరిగి చూశాను. ప్రతి వీధిలోనూ గడపల ముందు ఇసుక మూటలు, కింద కోసిన గేట్లు. ఒక ఇంటి ముందు ఒక పెద్దాయన, మా అమ్మలాగే గడప మీద కూర్చున్న వాళ్ల అమ్మకు చెయ్యి అందించి లోపలికి దించుతున్నాడు. ఆయన నన్ను చూసి నవ్వాడు. ఆ వీధి రోడ్డు వేసింది నేనని ఆయనకు తెలియదు.

8. కావున గుంట లేని రోడ్డు మీద నాలుగో పొర ఎవరి కోసం? పనుల జాబితాలో మా వీధి పేరు ఉన్నది కాబట్టి వేయాలట. జాబితాను దిద్దడానికి ఒక కలం చాలు. మా ఇంటిని దిద్దడానికి ఏమీ చాలదు.

ప్రార్థన: గురువారం పని ఆపించవలెను. గీకే మిషనుకు బెల్టు వేయించవలెను. పాత పొరలు మూడూ గీకించి, నా మెట్లు మూడూ బయటకు తీయించి, ఆ తర్వాత కావాలంటే కొత్త రోడ్డు వేయించవలెను. ఆ రోడ్డు మీద నాలుగుసార్లకు మించి ఒక్కసారి కూడా ఎక్కువ తిప్పనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను. "పాత పొర తొలగించబడినది" అని నేను చేసిన మూడు సంతకములను ఇందుమూలముగా వెనక్కు తీసుకొనుచున్నాను. దానికి ఏ శిక్ష ఉన్నను సిద్ధముగా ఉన్నాను.

ఇట్లని చిత్తగించవలెను. చిత్తము రానిచో కనీసము కాలు కదిపి వచ్చి చూడవలెను.

తమ విధేయుడు
(గురువారం ఉదయం పది గంటల వరకు)

తాజా కలం: కవరు అంటించే ముందు ఈ అర్జీ మా అమ్మకు చదివి వినిపించాను. ఏడో అంశం దగ్గర ఆపేసి కాగితం మడవబోయాను. "చదువు" అంది. చదివాను. కూరగాయలు తరుగుతున్న కత్తిపీటను పక్కకు నెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చివరికి, "ఆ బండి తాళం ఎవరి దగ్గరుంది?" అని అడిగింది.

"నా దగ్గరే."

"ఇంకోటి?"

"లేదమ్మా. పోయిందని, కొత్తది చేయించమని మూడేళ్లలో నాలుగు అర్జీలు పెట్టాను. జవాబు లేదు."

"అయితే ఈ కాగితం ఎందుకురా?" అంది. చెయ్యి చాపింది.

అందుచేత తమకు తెలియజేయునది ఏమనగా, రోలర్ తాళం చెవి ప్రస్తుతము మా అమ్మ కళ్లజోడు పెట్టెలో ఉన్నది. నేను అడిగితే ఇవ్వదట. సూపర్‌వైజరు గారు అడిగినా ఇవ్వదట. తమరే స్వయముగా వచ్చి అడిగితే అప్పుడు ఆలోచిస్తానన్నది. సాయంత్రం నాలుగు దాటాక గడప మీదనే ఉంటుంది. వచ్చి ఆమె ఎదుట కింద కూర్చుని అడగవలెను. కుర్చీ వేస్తే రోడ్డు మీద పడుతుంది, మెట్లు లేవు.